సెకనుకు పన్నెండు బొమ్మలు

నాకు భయం ఉగ్గుపాలతోనే పట్టేశారంటుంది మా అమ్మ. చిన్నప్పుడు గాలి కాస్త గట్టిగా వీచినా లేచి కూర్చునేదాన్నట. నాన్న బోటు మీదున్నాడో, పక్క మంచం మీదే ఉన్నాడో కూడా చూడకుండా ఏడుపు లంకించుకునేదాన్నట. అలాంటిదాన్ని, కిందటేడు వేట విరామంలో ఒక పరీక్ష గురించి రెండు నెలలు భయపడ్డాను. అన్నం సయించలేదు, దువ్వెన పెడితే జుట్టు ఊడొచ్చేది. తీరా చూస్తే నేను భయపడాల్సింది దాని గురించి కానే కాదు.

వేట విరామం అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో చేపలు గుడ్లు పెట్టుకునే కాలం. ఇంజను బోట్లు వేటకి వెళ్ళకూడదు. ఆ రెండు నెలలూ మా పల్లెపాలెంలో మగాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉంటారు. వలలు బాగుచేసుకుంటూ, బోట్లకి రంగులేసుకుంటూ, పేకాడుకుంటూ, పెళ్ళాల చేత తిట్లు తింటూ గడిపేస్తారు. మా నాన్న వీరవెంకటరమణ కేశవరావు గారి బోటుకి సరంగు. బోటు నడిపేదీ, ఎక్కడ వల వెయ్యాలో చెప్పేదీ ఆయనే. సముద్రం మీద ఆయన మాటకి తిరుగులేదు. ఇంట్లో మాత్రం మా అమ్మ బుజ్జమ్మదే మాట.

నేను డిగ్రీ అయ్యి ఏడాదిగా ఖాళీగా ఉన్నాను. రొయ్యల ప్లాంటు వ్యాను రోజూ పొద్దున్నే ఆరింటికి మా వీధి చివర ఆగుతుంది. మా వీధి అమ్మాయిలు ఆరుగురు అందులో వెళ్తారు. పని చెడ్డదని కాదు. ఐసు నీళ్ళలో రొయ్యల తలలు తీసి తీసి వాళ్ళ వేళ్ళు పాలిపోయి, నానిపోయి ఉండేవి. ఆ వేళ్ళతో నేనింక బొమ్మ గియ్యలేనని నా దిగులు.

బొమ్మల పిచ్చి నాకు చిన్నప్పట్నించీ ఉంది. విశాఖపట్నంలో ఒక స్టూడియో వాళ్ళు కార్టూన్ బొమ్మల్ని కదిలించడం ఉచితంగా నేర్పుతామని ఫోనులో ప్రకటన ఇచ్చారు. రెండు నెలలు ఆన్‌లైన్ క్లాసులు, చివర ఒక పరీక్ష. నూట యాభై మందిలో ఇరవై మందిని తీసుకుని, పని నేర్పించి ఉద్యోగమిస్తారు. పరీక్ష బొమ్మ పంపడానికి గడువు జూన్ పద్నాలుగు.

“సరే. జూన్ పదిహేనున మీ నాన్న బోటెక్కుతాడు,” అంది అమ్మ. “ఆ సీటేదో రాకపోతే పదహారున నువ్వు వ్యానెక్కు. ఇంక దీని మీద మాట్లాడేది లేదు.”

మొదటివారం బంతి గియ్యమన్నారు. బంతి పైనుంచి పడి, నేలకి తగిలి, మళ్ళీ లేవాలి. అంతే! సెకనుకి పన్నెండు బొమ్మలు. ఫోను మీద వేలితో గీసుకుంటూ మూడు రోజులు కూర్చున్నాను. అమ్మ మలికిపురం సంతలో ఎండుచేపలు అమ్ముకుని వచ్చి, బుట్ట దించి, నా భుజం మీదుగా తొంగిచూసింది.

“డిగ్రీ చదివి బంతి గీస్తున్నావా? ఎదురింటి పిల్లోడు బలపంతో గీస్తాడే అది!”

“గియ్యడం కాదమ్మా. బరువుండాలి దానికి.”

“బంతికి బరువేంటే నీ మొహం!”

కానీ మాకు పాఠం చెప్పే జ్యోతిర్మయి మేడమ్ ఆ బరువే పట్టుకున్నారు. “సత్యశ్రీ గారూ, మీ బంతి దూది ఉండలా తేలిపోతోందండీ. పడేముందు దానికి తొందర ఉండాలి, పైకెళ్ళేటప్పుడు బద్ధకం ఉండాలి,” అని వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆవిడ ఎంత మెల్లగా మాట్లాడితే నాకంత గుండె దడ. రెండోవారం బియ్యం బస్తా ఇచ్చారు. దానికి ముఖం గియ్యకూడదు, కానీ అది ఏడుస్తోందని చూసేవాళ్ళకి తెలియాలి. అమ్మ కడుపుబ్బ నవ్వి, వీధంతా చాటింపేసింది. “మా సత్య బస్తాల్ని ఏడిపిస్తోందర్రా!” అని. నాన్న మాత్రం నవ్వలేదు. చూసి, బాగుందమ్మా అని వల దగ్గరికి వెళ్ళిపోయాడు.

“చూసేవా? మీ నాన్న ముఖంలో నవ్వన్నది చూసి మూడు నెలలైంది. నా మీదేదో కోపం. అడిగితే చెప్పడు,” అంది అమ్మ. నవ్వుతూనే అంది గానీ ఆ మాట వెనక ఏడుపుంది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ మీద మూడు రోజులు కోపంగా ఉన్నది లేదు మరి.

మే నెలాఖరున పరీక్ష ఏంటో చెప్పారు. మీకు బాగా తెలిసిన మనిషిని ఒకరిని తీసుకోండి, ఆ మనిషి నడకని కార్టూన్‌గా చెయ్యండి, ముఖం చూడకుండానే ఫలానావాళ్ళని గుర్తుపట్టాలి అన్నారు. రెండు అడుగులకి పన్నెండు బొమ్మలు గీస్తే చాలు, అవే తిరిగి తిరిగి వస్తూ మనిషి నడుస్తూనే ఉంటాడు. నాకింక ఆలోచించే పనే లేదు. మా నాన్న నడక పాలెంలో అందరికీ తెలుసు. భుజాలు రెండూ ఊపుకుంటూ, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, ఇసకలో కూడా తివాచీ మీద నడిచినట్టు వచ్చేవాడు.

ఆయన రేవు నుంచి ఇంటికి వస్తుంటే అరుగు మీద కూర్చుని ఫోనులో వీడియో తీసుకున్నాను. ఆ వీడియో ఆపి ఆపి చూస్తూ బొమ్మలు గీశాను. లుంగీ, బుర్ర మీసం, గుండ్రటి పొట్ట, సన్నటి కాళ్ళు. నాలుగు రోజులకి పన్నెండు బొమ్మలూ అయ్యాయి. మేడమ్‌కి పంపించి, జవాబు కోసం పెరట్లో పచార్లు చేశాను.

“మనిషి చాలా బాగున్నాడండీ సత్యశ్రీ గారూ, మీసం చూస్తేనే నవ్వొస్తోంది. కానీ ఒక తప్పుంది. ఎడమచెయ్యి బాగా ఊగుతోంది, కుడిచెయ్యి అతికించినట్టు ఉండిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా చేసే పొరపాటే, ఒక చెయ్యి మర్చిపోతారు. వీడియో మళ్ళీ చూసి దిద్దండి. ఇలా పంపితే మార్కులు పోతాయి.”

నాకు సిగ్గేసింది. చెయ్యి మర్చిపోవడమేంటి! వీడియో మళ్ళీ పెట్టి, ఒక్కొక్క ఫ్రేమూ ఆపుకుంటూ చూశాను.

నేను మర్చిపోలేదు. నాన్న చెయ్యే ఊగటం లేదు.

ఎడమ చెయ్యి ముందుకీ వెనక్కీ వెళ్తోంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర కాస్త వంగి పక్కకి అంటుకుని ఉంది. కుడికాలు కూడా నేలని రాసుకుంటూ వస్తోంది. ఏదో పట్టుకొస్తున్నాడేమో అనుకున్నాను. అరచెయ్యి ఖాళీగానే ఉంది. మర్నాడు మళ్ళీ తీశాను. ఆ మర్నాడూ తీశాను. మూడు వీడియోల్లోనూ అదే చెయ్యి అలాగే ఉంది.

“అమ్మా, నాన్న నడక మారినట్టు లేదూ?” అనడిగాను, పులుసులోకి చింతపండు పిసుకుతుంటే.

“పడవ మనిషికి నేల మీద కాలు నిలుస్తుందేంటే? మీ తాతా అంతే, మీ మావయ్యా అంతే. పది రోజులు సముద్రం మీద ఊగి వచ్చినోళ్ళు ఇలా తిన్నగా నడవమంటే ఎక్కడ నడుస్తారు?”

మా పాలెంలో ఎవరినడిగినా ఆ మాటే అంటారు. ఒరిగి నడిచినా, తూలి నడిచినా, కాలీడ్చినా అది పడవ నడకే. దానికి ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళరు. నేను కూడా సరేలే అనుకుని లేచాను. లేచి రెండడుగులు వేశాక తట్టింది. ఆయన బోటు దిగి అప్పటికి యాభై రోజులు దాటింది.

రెండేళ్ళ కిందటి మా మేనత్త కూతురి పెళ్ళి ఊరేగింపు వీడియో ఫోనులో ఉంది. వెతికి తీశాను. పెళ్ళికొడుకు బండి ముందు నాన్న నడుస్తున్నాడు. రెండు చేతులూ ఊపుకుంటూ, ఎవరినో చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ నడుస్తున్నాడు. ఆ నవ్వు దగ్గర వీడియో ఆపేశాను. ఇప్పుడు నవ్వకపోవడం అమ్మ మీద కోపంతో కాదు. ముఖం కూడా చెయ్యిలాగే కదలటం మానేసింది.

అదే రోజు సాయంత్రం బోటు ఓనరు కేశవరావు గారు మా అరుగు మీదికి వచ్చారు. “రమణ గారూ, ఇంజను పని అయిపోయిందండీ. పదమూడున గంగమ్మ పూజ, పదిహేను తెల్లారుజామునే బయల్దేరడం. మీరు చెయ్యేస్తేనేగానీ బోటు కదలదండీ.”

“ఆయ్, వచ్చేస్తానండీ,” అన్నాడు నాన్న. కుడిచెయ్యి కండువా కింద ఉంది. ఎప్పట్నించి అలా పెట్టుకుంటున్నాడో నేను గమనించనేలేదు.

మర్నాడు పొద్దున్న రేవు షెడ్డులో వల బాగుచేసుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. సూది ఎడమచేత్తో పట్టుకున్నాడు. పెళ్ళి వీడియో ఒకటి, మొన్న తీసింది ఒకటి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించాను. చూశాడు. సూది వల మీద పెట్టేశాడు.

“అమ్మకి చూపించేవా?”

“లేదు.”

“మంచి పని చేసేవు.”

అంటే తెలుసన్నమాట! “ఎప్పట్నించి నాన్నా?”

“చలికాలం నుంచీ. చొక్కా గుండీలు ఓ పట్టాన పడేవి కాదు. ఒత్తిగిలి పడుకుంటే పట్టేసిందనుకున్నా.” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మార్చిలో వల లాగుతున్నాం. తాడు చేతిలోనే ఉంది తల్లీ. పట్టుకున్నాననే అనుకుంటున్నా. చెయ్యి మాత్రం పట్టుకోలేదు. తాడు జారింది, దాంతోపాటు నేనూ అంచు దాటిపోదును. మీ శ్యామ్ బాబు బాబాయి చొక్కా పట్టుకుని లాగేడు.”

శ్యామ్ బాబు బాబాయి నాన్నకి వరసకి తమ్ముడు, బోటు మీద నాన్న తర్వాత అతనే. ఆ మాట ఇద్దరూ మూడు నెలలు దాచారు.

“రేపే అమలాపురం వెళ్దాం. డాక్టరుకి చూపించుకుందాం.”

“వెళ్దాం. పదిహేనున ఒక్క వేటకి వెళ్ళొచ్చి వెళ్దాం.”

“ముందే వెళ్తే ఏం పోయింది?”

“ముందెళ్తే బోటెక్కొద్దంటారు.” ఈ మాట నా ముఖం చూడకుండా అన్నాడు. “నలభై తొమ్మిదేళ్ళొచ్చేయి. నాకు ఆ పని తప్ప ఇంకోటి రాదు. ఒక్క వేట, సత్యా. నా మీద ఒట్టేసి చెప్పు, అమ్మకి గానీ ఇంకెవరికి గానీ చెప్పనని.”

తన తల మీద నా చెయ్యి పెట్టించుకున్నాడు. ఒట్టు వేశాను. వెయ్యక ఏం చేస్తాను? వేసిన క్షణం నుంచీ నా ప్రాణం నా చేతిలో లేదు. ఒట్టు తప్పితే నాన్నకేమవుతుందోనని భయం, తప్పకపోతే సముద్రం మీద ఏమవుతుందోనని భయం. అమ్మ అన్నం వడ్డిస్తుంటే నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. శ్యామ్ బాబు బాబాయి ప్రతిసారీ పక్కనుండొద్దూ! పేపర్లో వాతావరణం చూడటం, కాలెండరు చూడటం, నాన్న చెయ్యి చూడటం, ఇదే పని. పరీక్ష సంగతి గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేసేది.

పన్నెండో తారీకు మధ్యాహ్నం మేడమ్ క్లాసులో ఒక మాట చెప్పారు. “కార్టూన్ అంటే అబద్ధం చెప్పడం కాదండీ. ఉన్నదాన్నే కొంచెం పెంచి చూపించడం. పొట్ట ఉంటే ఇంకాస్త పొట్ట, కోపం ఉంటే ఇంకాస్త కోపం. చూసేవాళ్ళ కంటికి అందాలి.”

చెప్పనని ఒట్టేశాను. గియ్యనని వెయ్యలేదు కదా.

సాయంత్రం దాకా కూర్చుని మళ్ళీ గీశాను. భుజాలు ఇంకా పెంచాను, ఎడమచెయ్యి నడుం వెనక దాకా ఊగేలా చేశాను. కుడిచెయ్యిని మాత్రం కదలనివ్వలేదు. మడమ ఈడుస్తుంటే చిన్న ఇసక గీత కూడా పెట్టాను. గీస్తున్నంతసేపూ ద్రోహం చేస్తున్నట్టే ఉంది. నాన్న టీ తాగుతున్నాడు, అమ్మ పక్కనే చేపలు తోముతోంది. ఫోను ఇద్దరి మధ్యా స్టూలు మీద పెట్టి ఆడించాను.

అమ్మ చూడగానే ఫక్కున నవ్వింది. “ఓలమ్మో, అచ్చం మీ నాన్నే! ఆ పొట్ట చూడండీ, ఆ మీసం చూడండీ! ఆ చెయ్యి అలా పెట్టుకు రావడం కూడా భలే పట్టేసేవే...”

అక్కడ ఆగింది. బొమ్మ మనిషి నడుస్తూనే ఉన్నాడు. ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఊగట్లేదు. అమ్మ ఫోను వైపు చూసింది, తర్వాత నాన్న చేతి వైపు చూసింది. టీ గ్లాసు ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. చేపల గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు నీళ్ళు పోసిన చప్పుడే వినిపించింది.

నాన్న నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు, టీ చల్లారిపోయేదాకా.

పదమూడున పూజ. బోట్లన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, పూలదండలు కట్టారు. మా పాలెంలో వేట మొదలయ్యే ముందు బోటు ముక్కు మీద కొబ్బరికాయ సరంగే కొట్టాలి. ఒక్క దెబ్బకి పగలాలి. రెండో దెబ్బ పడితే ఆ ఏడాదంతా జనం ఆ బోటు కేసి అదోలా చూస్తారు. పదిహేనేళ్ళుగా నాన్న రెండో దెబ్బ కొట్టింది లేదు. ఆడవాళ్ళతో గట్టు మీద నిలబడ్డాను. అమ్మ నా పక్కనే ఉంది. రాత్రంతా వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు.

కేశవరావు గారు కాయ అందించారు. నాన్న రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, గంగమ్మకి దండం పెట్టుకున్నాడు. తర్వాత పక్కకి తిరిగి శ్యామ్ బాబు బాబాయి చేతిలో పెట్టాడు.

“ఈ ఏడాది నువ్వు కొట్టరా.”

“అదేంటండీ రమణ గారూ? ఏటా మీ చేత్తోనే కదండీ!” అన్నారు కేశవరావు గారు.

“ఆయ్. ఆ చేతికే బాగోలేదండీ. బోటు కూడా వీడే నడుపుతాడు. బాగానే నడుపుతాడండీ, నేను నేర్పినోడే.”

అంతే అన్నాడు. డప్పుల మోతలో సగం మందికి వినపడనుకూడా లేదు. బాబాయి కాయ పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించి, కొట్టాడు. ఒక్క దెబ్బకే పగిలింది. అమ్మ నా మణికట్టు పట్టుకున్న పట్టుకి గాజు నొక్కుకుని ఎర్రగా వాచింది.

పద్నాలుగున పరీక్ష బొమ్మ పంపాలి. మేడమ్ చెప్పిన తప్పు నాన్నకి కూడా చెప్పాను.

“అయితే మార్చి పంపు. ఊగేలా చెయ్యి,” అన్నాడు. “నా మూలంగా నీ సీటు పోకూడదు.”

“అప్పుడది నీ నడక కాదుగా నాన్నా.”

“నా నడకతో వాళ్ళకేం పని?”

నేను మార్చలేదు. ఉన్నది ఉన్నట్టు పంపించి, కింద ఒక్క వాక్యం రాశాను: ఇది పొరపాటు కాదండీ, మా నాన్న ఇలాగే నడుస్తారు. సీటొచ్చిందా అని మీరడుగుతారు. జూలైలో వచ్చింది, జాబితాలో పద్దెనిమిదో పేరు. అందాకా అమ్మ వ్యాను మాటే ఎత్తలేదు. అమలాపురం డాక్టరు నాన్నని కాకినాడ పంపించారు, అక్కడ జబ్బు పేరు పార్కిన్సన్స్ అన్నారు. నయమయ్యేది కాదు, మందులతో నిలబెట్టుకోవాలి అన్నారు. మందుల పుణ్యాన ఇప్పుడు గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. ఇవన్నీ తర్వాతి మాటలు.

జూన్ పదిహేను తెల్లవారుతుండగా ముగ్గురం రేవుకి వెళ్ళాం. పాలెం మొత్తం అక్కడే ఉంది. బోట్లు ఒకదాని వెనక ఒకటి గోదాట్లోంచి సముద్రం వైపు కదిలాయి. మా బోటు మీద శ్యామ్ బాబు బాబాయి నిలబడి నాన్న వైపు చూసి చెయ్యెత్తాడు. నాన్న ఎడమచెయ్యి ఎత్తాడు. ఇంజన్ల చప్పుడు దూరమయ్యాక జనం పల్చబడ్డారు, అమ్మ సంతకి టైమవుతోందని వెళ్ళింది. మేమిద్దరం బోర్లించిన నావ మీద కూర్చున్నాం. పెళ్ళయిన మూడు రోజులకే వేటకెళ్ళిన మనిషి, జ్వరమొచ్చినా వెళ్ళిన మనిషి, బోట్లు వెళ్ళిపోయాక ఒడ్డున కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

“సత్యా, ఆ బొమ్మలో చెయ్యి ఊగేలా చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?” అనడిగాడు.

“పంపేశాను నాన్నా నిన్ననే.”

“వాళ్ళకి కాదు. నాకు.”

పన్నెండు బొమ్మలు. చెయ్యి ఒక్కటే మార్చాలి. పెళ్ళి వీడియోలో నడక చూసుకుంటూ అక్కడే కూర్చుని గీశాను. ఇన్నాళ్ళలో నా వేలు ఒక్కసారి కూడా తడబడకుండా గీసింది అవేనేమో. పూర్తయ్యేసరికి ఎండెక్కింది, బోట్లు కనుమరుగయ్యాయి. ఫోను ఆయనకిచ్చాను.

బొమ్మ రమణ రెండు చేతులూ ఊపుకుంటూ, మీసం ఎగరేసుకుంటూ నడిచాడు. మళ్ళీ మొదటి నుంచి నడిచాడు. మళ్ళీ నడిచాడు. నాన్న ఫోను ఎడమచేత్తో పట్టుకుని కళ్ళు ఆర్పకుండా చూశాడు.

“ఇలాగే కదూ నడిచేవాణ్ణి?” అన్నాడు.

“ఇలాగే నాన్నా,” అన్నాను.